చీరల తంతి

మా మనవరాలికి నా ఫోను చూస్తే నవ్వు. అప్పు ఇస్తామనీ, ప్లాటు కొనుక్కోమనీ, చీరల మీద తగ్గింపు అనీ రోజంతా మెసేజీలు వస్తూనే ఉంటాయి కదా, వాటన్నిటినీ నేను కళ్ళద్దాలు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివి, ఆ తర్వాతే తీసేస్తాను. "చూడకుండా కొట్టెయ్ అవ్వా, అంతా చెత్త" అంటుంది. చెత్తేనని నాకూ తెలుసు. కానీ ఈ చెత్త మీ ఫోన్లతోనే పుట్టిందని మీ కుర్రకారంతా అనుకుంటారు చూడండి, అక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. దాని పురుడు చూసినదాన్ని నేను. మద్రాసులో, జార్జి టౌన్లో, ఒక టెలిగ్రాఫ్ ఆఫీసు కౌంటర్లో కూర్చుని చూశాను.

డెబ్బైల మొదట్లో మాట. నాకు ఉద్యోగం కొత్త, నోరు మాత్రం పాతదే. తంతి అంటే మీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. తీగ మీద వచ్చిన మాటల్ని లోపల కాగితం మీదికి దించి, కవరులో పెడితే, ఖాకీ చొక్కా మనిషి సైకిలు మీద తీసుకెళ్ళి ఇంటికి ఇచ్చేవాడు. మాటకు ఇంత అని రేటు. అందుకని ఊసుపోక ఎవరూ తంతి కొట్టేవాళ్ళు కాదు. మా చుట్టుపక్కల టోకు వర్తకులకు మిరపకాయల ధర, పసుపు ధర రోజూ వచ్చేవి, అది వేరే సంగతి. ఇంటికి తంతి వచ్చిందంటే మాత్రం చావో, చావుబతుకులో. ఖాకీ చొక్కా సందు తిరగ్గానే ఆ సందులో ఆడవాళ్ళ చేతుల్లో గరిటెలు ఆగిపోయేవి. మన ఇంటికి కాకూడదు దేవుడా అని అందరూ గుమ్మాల్లోకి వచ్చి నిలబడేవాళ్ళు.

మా ఆఫీసులో తంతులు పంచేవాళ్ళలో అందరికంటే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. పేరు రాయను, ఆయనకు నచ్చదు. మేమంతా పెద్దన్నా అనేవాళ్ళం. వ్యాసర్పాడిలో తాతల నాటి నుంచి ఉన్న తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, కోపం వస్తే రెండూ. నన్ను 'అమ్మణ్ణీ' అని పిలిచేవాడు. నేను సూపరింటెండెంటుతో పోట్లాడి వచ్చినప్పుడల్లా టీ తెప్పించి, "నీ నోటికి ఏలం వేస్తే మౌంట్ రోడ్డు కొనేయొచ్చు" అని ఏడిపించేవాడు.

ఆయనకొక పద్ధతి ఉండేది. మంచి కబురైతే సందు మొగలోనే సైకిలు బెల్లు మొదలుపెట్టి, ఆ ఇంటి గుమ్మం దాకా ఆపకుండా కొట్టుకుంటూ పోయేవాడు. మగపిల్లవాడు పుట్టాడనో, ఉద్యోగం వచ్చిందనో సందంతటికీ ముందే తెలిసిపోయేది. చెడ్డ కబురైతే బెల్లు ముట్టుకోడు. సైకిలు దిగి నడిపించుకుంటూ వెళ్ళి, టోపీ తీసి చంకలో పెట్టుకుని, గుమ్మంలో నిలబడి, "కొంచెం నీళ్ళియ్యి తల్లీ" అని అడుగుతాడు. ఆ నీళ్ళు తాగే కాస్త సేపట్లోనే ఇంట్లో మగవాళ్ళు ఉన్నారా, పక్కింట్లో పెద్దవాళ్ళెవరు, అన్నీ చూసుకుంటాడు. చెంబు కింద పెట్టాకే కవరు తీస్తాడు. ఏ కవరులో ఏముందో లోపల కాగితం దించేవాళ్ళు ఆయనకు కనుసైగతో చెప్పేవాళ్ళు. అది ఏ రూల్లోనూ లేదు, కానీ ఏ సూపరింటెండెంటూ అడ్డు చెప్పలేదు.

అంత దూరం సైకిలు తొక్కినా దాహం వేయని మనిషివి, గుమ్మంలో నీళ్ళెందుకు అడుగుతావని ఒకసారి అడిగాను.

"దాహానికి గాదు అమ్మణ్ణీ. ఊరికే నిలబడుండే మనిషికి చావు కబురు చెప్పగూడదు. ముందు ఆ మనిషి చేత ఏదో ఒక చిన్న పని చేయించాల. నీళ్ళిచ్చిన చెయ్యి కాస్త కుదురుకుంటాది. అప్పుడు చెప్పాల" అన్నాడు.

అట్లాంటి మనిషి చేతికి చీరల తంతులు వచ్చాయి.

పురసవాక్కంలో ఒక పెద్ద బట్టలకొట్టు ఉండేది. దానికి కొత్తగా వచ్చిన మేనేజరు తెలివి చూడండి. నోటీసు పంచితే జనం చూడకుండా పారేస్తారు. కార్డు రాస్తే తాపీగా చదువుతారు. తంతి వస్తే? చేతిలో పని వదిలేసి, గుండె చేత్తో పట్టుకుని, అక్షరం అక్షరం చదువుతారు. కాబట్టి దీపావళికి ముందు, కొట్లో ఎప్పుడైనా బిల్లు రాయించుకున్నవాళ్ళందరికీ తంతి కొట్టించాడు. గుమాస్తా ఫారాల కట్ట తెచ్చి నా ముందు పెట్టాడు. అన్నిటిలోనూ ఒకటే మాట, ఇంగ్లీషులో: వెంటనే కుటుంబంతో బయలుదేరి రండి. ఆ కింద, ఆఖర్న, కొత్త పట్టుచీరలు వచ్చాయని.

నేను ఫారాలు ఎత్తుకుని నేరుగా సూపరింటెండెంటు గదిలోకి వెళ్ళాను. ఆయన అరవాయన, చెడ్డవాడు కాదు, రూలు పుస్తకాన్ని తలగడ కింద పెట్టుకుని పడుకునే రకం.

"సార్, ఇది చదివితే ముసలివాళ్ళు గుండె ఆగి చచ్చిపోతారు" అన్నాను.

ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు. "బూతు ఉందా? లేదు. గవర్నమెంటును తిట్టాడా? లేదు. పైసలు కట్టాడా? కట్టాడు. పోమ్మా, పోయి మాటలు ఎంచు" అన్నాడు తనకు వచ్చిన తెలుగులో.

సినిమాల వాళ్ళకు కూడా గుట్టలకొద్దీ తంతులు వచ్చేవి. పెద్ద హీరో పుట్టినరోజయితే కోడంబాక్కం ఆఫీసువాళ్ళు గోనెసంచులు పట్టుకుని తిరిగేవాళ్ళని చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం. అయితే వాటికి గుండెలు పగిలేవాళ్ళెవరూ లేరు. ఇవి అట్లా కాదు.

మొదటి రోజు అంత పెద్ద కట్టకు ఎవరు కనుసైగ చేస్తారు? నేను చెప్పేలోపే కట్ట ఎత్తుకుని వెళ్ళిన పెద్దన్న, 'వెంటనే బయలుదేరి రండి' అన్న మొదటి మాట లోపలివాళ్ళ నోట విని, అన్నీ చెడ్డ కబుర్లేననుకున్నాడు. ఊళ్ళో ఏదో ఘోరం జరిగిందని, రైలు పడిపోయిందో ఏమోనని హడలిపోయాడు. ఒక పసుపు వర్తకుడి ఇంట్లో బెల్లు లేకుండా, టోపీ తీసి, నీళ్ళు అడిగాడు. ఆ ఇంటి ముసలామెకు ఆయన పద్ధతి తెలుసు. చెంబు తేకముందే నడవలో కుప్పకూలింది. కొడుకు పరుగెత్తుకొచ్చి కవరు చించి చదివాడు. పట్టుచీరలు! "మా అమ్మ పోయుంటే నువ్వు తెచ్చిస్తావా?" అని ఆ కొడుకు పెద్దన్న చొక్కా పట్టుకున్నాడు. ముఖాన నీళ్ళు చల్లాక ముసలామె లేచి కూర్చుంది కాబట్టి సరిపోయింది.

మర్నాటి నుంచి ఆయన ఆ కట్టలన్నిటికీ బెల్లు కొట్టుకుంటూ తిరిగాడు. రెండు మూడు రోజులు పోయాక జనం నవ్వడం మొదలుపెట్టారు. "చీరల తంతి వచ్చిందోయ్" అని సందులో కేకలు. ఒకామె కవరు విప్పకుండానే అప్పుడే వేయించిన చెక్కల కింద పరిచింది. మరొకామె, "తాతా, నాకు ఎర్రంచుది తీసిపెట్టమను" అని హాస్యమాడింది. ఆయన పైకి నవ్వేవాడు. ఆఫీసుకు వచ్చి బల్ల మీద కూర్చున్నాక మాత్రం చాలాసేపు టోపీ తిప్పుకుంటూ ఉండేవాడు.

"నవ్వితే నవ్వనీ అమ్మణ్ణీ, ఏడ్చేదానికంటే మేలే. కానీ రేపు నిజంగా ఒకటి వచ్చిందనుకో, నేను నీళ్ళడిగితే ఎవురు నమ్ముతారు?" అన్నాడొకరోజు.

ఆయనకు ఒక్కతే కూతురు. గూడూరు దగ్గర పల్లెలో ఇచ్చాడు. తొలికాన్పు. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి కదా, ఏడో నెలలోనే వెళ్ళి తీసుకురావాలని సెలవు పెట్టుకున్నాడు. సెలవు మంజూరైంది కూడా. ఈ తంతుల గుట్టలు వచ్చిపడేసరికి పై నుంచి ఉత్తరువు వచ్చింది, పండగ అయ్యేదాకా పంచేవాళ్ళెవరికీ సెలవుల్లేవని. పెద్దన్న బతిమాలలేదు. ఆయనకది రాదు. నేనే ఆయన తరఫున వెళ్ళి అరిచి, చీవాట్లు తిని వచ్చాను.

"ఉండనీలే. ఇంకా రోజులుండాయి గదా. పండగ మర్నాడే పొయ్యి తీసకొచ్చేస్తా" అన్నాడు. ఆ మాట నాతో అన్నాడు గానీ చెప్పుకున్నది తనకే.

కూతురి సీమంతానికి చీర ఎక్కడ కొన్నాడో మీరు ఊహించే ఉంటారు. పురసవాక్కం కొట్లోనే. బిల్లు మీద అడ్రసు రాయించాడు. అందువల్ల ఒక చీరల తంతి ఆయనింటికే వెళ్ళింది. వ్యాసర్పాడి మా ఆఫీసు కిందికి రాదు, అక్కడ పండగ రద్దీకి తీసుకున్న దినకూలీ మనిషెవరో గుమ్మంలో పడేసి పోయాడు.

ఆయన భార్యకు చదువు రాదు. పెద్దమ్మ అని పిలిచేదాన్ని. కవరు చూడగానే ఆమెకు కూతురే కళ్ళ ముందు నిలిచింది. విప్పించి చదివించుకోవడానికి కూడా ధైర్యం లేక, పిడికిట్లో నలిపి పట్టుకుని, చెప్పులు కూడా లేకుండా బస్సెక్కి మా కౌంటరు దగ్గరికి వచ్చింది. వర్తకులూ గుమాస్తాలూ కిటకిటలాడుతున్న వేళ. "నా బిడ్డకేమైందో చూడు పాపా, నా బిడ్డకేమైందో చూడు" అని కవరు నా చేతిలో కుక్కింది. నేను విప్పాను. చదివాను. "చీరలు పెద్దమ్మా, పట్టుచీరలు" అన్నాను.

హాలంతా గొల్లుమంది. ఆమె కూడా నవ్వింది. కళ్ళనీళ్ళు కారుతుండగానే నవ్వి, బెంచీ మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

అప్పుడే పెద్దన్న లోపలికి వచ్చాడు. ముప్పై ఏళ్ళు ఊళ్ళో వాళ్ళ ఏడుపులు జాగ్రత్తగా మోసిన మనిషి, తన భార్య నలుగురి మధ్య నవ్వులపాలు కావడం ఓర్చుకోలేకపోయాడు. ఆయన గొంతు పెంచడం నేను చూసింది అదొక్కసారే.

"విను. పండగ దాకా ఇవి వస్తానే ఉంటాయి. ఇంకమీదట తంతి వస్తే విప్పొద్దు, ఏడవొద్దు, ఈడికి రావొద్దు. అలమర పైన పడెయ్. అర్థమయిందా?"

"సెరి" అంది ఆమె. భర్త తంతుల మనిషి. తంతుల సంగతి ఆయనకు తెలియక మరెవరికి తెలుస్తుంది?

దీపావళికి ముందు రోజుల్లో ఒక పొద్దున, నేను ఆ కొట్టు ఫారాల మాటలే లెక్కపెడుతుంటే, దుమ్ము కొట్టుకుపోయిన బట్టలతో ఒక మనిషి కౌంటరు దగ్గరికి వచ్చాడు. రైలు దిగి సెంట్రల్ నుంచి నడిచి వచ్చినట్టున్నాడు. పెద్దన్న పేరు చెప్పి, "ఆయన యాడుంటాడమ్మా? నేను వాళ్ళ అల్లుడికి అన్నను. ఇల్లు ఎరగను, ఆఫీసు అడుక్కుంటా వచ్చినా" అన్నాడు.

తంతులు పంచడానికి వెళ్ళాడు, వచ్చేస్తాడు కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"రెండు తంతులు కొట్టినామమ్మా. నెలలు నిండకముందే నొప్పులు మొదలైనాయి, అప్పుడొకటి. కష్టంగా ఉండాదన్నప్పుడు ఇంకొకటి. వెంటనే బయలుదేరి రమ్మని. మనిషీ రాలేదు, జవాబూ లేదు. నెల్లూరు పెద్దాస్పత్రికి తీసకపొమ్మని డాక్టరమ్మ చెప్పింది. తొలికాన్పు, పుట్టింటోళ్ళు లేకుండా మనం ఎట్ట కదిలించేది, ఈ రైలుకు వస్తారు, ఈ రైలుకు వస్తారని మా అమ్మ... బండి కట్టుకోని స్టేషన్లోనే ఉన్నా నేను."

కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"బిడ్డ ఉండాదమ్మా. ఆడబిడ్డ" అన్నాడు.

తల్లి మాట ఎత్తలేదు. చెప్పవలసిన అవసరం లేకపోయింది. నా చేతి కింద ఉన్న ఫారం మీద అదే మాట ఉంది, వెంటనే బయలుదేరి రండి అని. కొట్టు గుమాస్తా నా ఎదుట నిలబడి, "త్వరగా కానీండమ్మా, ఇంకా నాలుగు కట్టలున్నాయి" అంటున్నాడు. ఆ ఫారాలు వాడి ముఖాన కొట్టాలనిపించింది. కొట్టలేదు. పక్కకు నెట్టి లేచాను.

బయట బెల్లు వినపడింది. పొద్దుటి కట్ట పంచేసి పెద్దన్న వస్తున్నాడు. సైకిలు గోడకు ఆనించి, "టీ చెప్పినావా అమ్మణ్ణీ?" అంటూ లోపలికి వచ్చాడు. ఆ మనిషి స్తంభం పక్కగా ఉన్నాడు, ఆయనకు కనపడలేదు. నేను కనపడ్డాను. నా ముఖం చూసి ఆయన నవ్వు ఆపేశాడు. మెల్లగా టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. దగ్గరికి వచ్చి చెయ్యి చాచాడు.

"ఇయ్యి. నేను చూసుకుంటా. పాపం ఎవురింటికి?" అన్నాడు.

ఆ చెయ్యి అట్లాగే చాచి ఉంది.

"మామా" అన్నాడు స్తంభం పక్క మనిషి.

పెద్దన్న తిరిగి చూశాడు. చూసి, అతని బట్టలు చూసి, కండువా చూసి, ఒక్క మాట అడిగాడు. "తంతి కొట్టలేదా?"

"రెండు కొట్టినాం మామా."

అవి ఎక్కడున్నాయో ఆయనకు తెలుసు. రోజూ రాత్రి వాటి కిందే అన్నం తిన్నాడు. పగలంతా మోసింది చాలకనా ఇంట్లో కూడా చూడాలి అని తలెత్తలేదట. ఆ సంగతి తర్వాత ఎప్పుడో ఆయనే చెప్పాడు నాకు.

ఆ తర్వాత సంగతులు ముందే చెప్పేస్తాను, ఎందుకంటే వాటితో ముగించడం నాకు ఇష్టం లేదు. సూపరింటెండెంటు అప్పటికప్పుడు సెలవు రాసిచ్చాడు. కాగితం తానే లేచి తెచ్చి చేతికిచ్చాడు, చూశాను, జాలి మాత్రం పడలేదు. తిరిగి వచ్చాక పెద్దన్న ఇక తంతులు పంచలేదు. అడిగి లోపలి పనికి మారిపోయాడు. సైకిలు అమ్మేశాడు. మనవరాలిని వాళ్ళే పెంచుకున్నారు. మా ఆఫీసుకు ఆ ఏడు రాబడి బాగుందని పై నుంచి మెచ్చుకుంటూ కాగితం వచ్చింది. మరుసటేడు ఆ కొట్టువాడు మళ్ళీ తంతులు కొట్టించాడు. పెద్దన్న ఇంటికి కూడా వచ్చాయి. ఆయన ఒక్కొక్కటీ విప్పకుండా జేబులో పెట్టుకుని వచ్చి నా ముందు పెట్టేవాడు. "చదువమ్మణ్ణీ" అనేవాడు. చదివేదాన్ని. చీరలు అనేదాన్ని. "ఆఖరి దాకా చదివినావా?" అనేవాడు. మళ్ళీ చదివేదాన్ని. నా మనవరాలికి ఈ సంగతి ఎట్లా చెప్పను?

మళ్ళీ ఆ రోజుకు వస్తాను. ఆయన్ని ఒంటరిగా పంపకూడదని నేనూ బయలుదేరాను. రిక్షా ఎక్కమంటే ఎక్కలేదు. సైకిలు నడిపించుకుంటూ ముందు ఆయన, వెనక మేమిద్దరం. తోపుడుబండ్ల మధ్య నుంచి, పండగ బేరాల మధ్య నుంచి వ్యాసర్పాడి దాకా నడిచాం. దారిలో ఆయన ఏడవలేదు. "బిడ్డ పాలు తాగతా ఉండాదా?" అని ఒకసారి, "నా కూతుర్ని ఇంకా ఎత్తలేదు గదా, మేము చూడొచ్చు గదా?" అని ఒకసారి అడిగాడు. "మీకోసమే ఉంచినాం మామా" అన్నాడా మనిషి.

వాళ్ళ సందు మొగలో ఆయన చెయ్యి అలవాటుగా బెల్లు మీదికి వెళ్ళింది. మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

పెద్దమ్మ గుమ్మంలో పీట వేసుకుని మురుకులు వత్తుతోంది. పండగ మర్నాడు గూడూరికి పట్టుకెళ్ళడానికట. తెరిచిన తలుపులో నుంచి అలమర కనిపిస్తోంది, దాని పైన కవర్లు. నా కళ్ళు అటే పోయాయి. ఆమె తలెత్తి ముందు నన్ను చూసి నవ్వింది. "ఏం పాపా, పండక్కి ముందే వచ్చినావే" అంది. తర్వాత గూడూరు మనిషిని చూసింది. ఆ తర్వాత భర్తను చూసింది. సైకిలు దిగి ఉన్నాడు. టోపీ చంకలో ఉంది.

"కొంచెం నీళ్ళియ్యి" అన్నాడు పెద్దన్న.

ఆమె లోపలికి వెళ్ళింది. బిందెలో చెంబు ముంచిన చప్పుడు వినపడింది. నిండా నీళ్ళతో గుమ్మం దాకా వచ్చింది. ఆయన రెండు చేతులూ చాచాడు. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళో ఏ గుమ్మంలో ఎందుకు నీళ్ళడిగాడో ప్రతి రాత్రీ ఆమెకే కదా చెప్పుకున్నాడు. పిండి చేతులతో ఆ చెంబును గుండెలకు అదుముకుని ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఇయ్యను. ఇస్తే నువ్వు చెప్తావు" అంది.